గుత్త మామిడి, పెట్టె మామిడి

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక కరపత్రం. పేపరు మడతలో దూర్చి పంపారు. మామిడికాయల బొమ్మ, పక్కన సెల్‌ఫోను పట్టుకుని నవ్వుతున్న రైతు, ఆ నవ్వు కింద పెద్దక్షరాల్లో ‘ఆన్‌లైన్‌లో అమ్మండి, దిగుబడి రెట్టింపు చేసుకోండి’ అని. ఆ తలపాగా తీరు చూస్తే రైతు ఏ పంజాబు వాడో అనిపించింది. కొల్లాపూర్ తోటల్లో అట్లా చుట్టుకున్న మనిషిని నేనైతే చూడలేదు. అది సరే. ధర రెట్టింపవుతుందంటే కూర్చుని వినేవాణ్ణి. దిగుబడి ఎట్లా రెట్టింపవుతుంది? ఫోను చూసి చెట్టు రెండోసారి పూతకొస్తుందా?

నిజానికి నేను ఆ కరపత్రం పక్షాన ఉండాల్సిన మనిషిని. గుత్త మీద నాకున్న పాత కసి ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. పూత మీదనో పిందె మీదనో తోట మొత్తాన్ని కొనే షావుకారుతో ఒక రేటుకు మాట్లాడుకుని, బయానా జేబులో వేసుకుని, ఇక ఈ పంట నాది కాదని రైతు చేతులు దులుపుకునే పద్ధతి అది. ఆనాటి నుంచి కావలి షావుకారు మనిషిదే, మందు కొట్టించేదీ కోయించేదీ షావుకారే. అతనికి ఆ చెట్టుతో చుట్టరికం కోత దాకానే. అందుకే కాయ ముదిరిందా లేదా అని చూడడు. రేటు బాగున్న వారం చూసుకుని ఒక్క దెబ్బకు దులిపిస్తాడు. లేతవీ ముదురువీ కలిసి లారీ ఎక్కుతాయి. ఒకప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పోయేవి, ఇప్పుడు బాటసింగారం పోతున్నాయి. ఆ లేతకాయకు పసుపు రంగు తేవడానికే కార్బైడ్ అవసరపడింది. దాని మీద నిషేధం ఉంది. గదుల్లో 100 పీపీఎం మించకుండా ఎథిలీన్ వదిలి మాగబెట్టుకోవచ్చన్న అనుమతీ ఉంది. కానీ లేతగా తెంపిన కాయలో ఏ వాయువూ తీపి పోయలేదు.

అందుకే 2020లో నేను పండగ చేసుకున్నాను. లాక్‌డౌన్‌లో లారీలు నిలిచిపోయినప్పుడు ఉద్యాన శాఖ వాళ్ళు హైదరాబాద్‌లో 300 రూపాయల పండ్ల సంచి పెట్టారు. మామిడి, బొప్పాయి, సపోటా, బత్తాయి, నిమ్మ, పుచ్చ, ఆరు రకాలు. ఫోను చేస్తే అపార్ట్‌మెంటు గేటు దాకా వచ్చేది. మే నెలలో తపాలా శాఖతో కలిసి ఐదు కిలోల మామిడి పెట్టె 350 రూపాయలకు ఇంటికి పంపారు. ఆ జూన్‌లోనే ఆర్టీసీ బస్సులు సరుకుల పని అందుకున్నాయి. కొల్లాపూర్ పక్కన నాలుగెకరాల బేనిషాన్ తోట ఉన్న మా మేనల్లుడు ఆ ఊపులోనే గుత్త మానేశాడు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు, అట్టపెట్టెలు అచ్చు వేయించాడు. ఎకరాకు నలభై లెక్కన నూట అరవై చెట్లు.

మొదటి ఏడు బాగా నడిచింది. ఒక్కసారి దులపడం పోయి విడతలుగా కోయడం వచ్చింది. కాయ భుజాలు నిండాయా అని చూసి, చిక్కంతో దించి, తొడిమ అంగుళం ఉంచి కత్తిరించి, సొన కారిపోయేదాకా బోర్లించి పెట్టడం. వారం ఆగిన కాయ ఆ వారంలో బరువెక్కుతుంది కాబట్టి తూకం కూడా కొంత పెరిగింది. కోతలో దెబ్బతిని కుళ్ళి పారబోసేది తగ్గింది. కరపత్రం రాసినవాడి దగ్గర ఉన్న నిజం అంతవరకే. చేతికొచ్చిన కాయ చెడిపోకుండా నిలిచింది. చెట్టు మీద కాపు మాత్రం ఎప్పటంతే ఉంది.

తర్వాతి కథ మొన్న మృగశిర నాడు తెలిసింది. గుత్త రోజుల్లో మావాడు మృగశిరకు చేపల కూర తిని, తొలి వాన పడగానే తోటలో దిగేవాడు. కోత అయిపోయిన చెట్టుకు ఆ నెలలో చాకిరీ ఉంటుంది. ఎండుపుల్లలు కత్తిరించాలి, గుబురైన చోట వెలుగు దూరేలా కొమ్మలు తీయాలి, పాదు తవ్వి ఎరువు వేయాలి. వచ్చే ఏటి పూత అప్పుడు వచ్చే కొత్త చిగురు మీద ఆధారపడి ఉంటుంది. మొన్న ఫోను చేస్తే అతను బస్ డిపోలో ఉన్నాడు, ఎక్కడో తప్పిపోయిన ఒక పెట్టె కోసం. “మామా, తోటకు పోక పక్షం దినాలాయె. కాయ మెత్తగుందని ఒకామె, గట్టిగుందని ఇంకొకాయన, పొద్దంతా గిదే పని” అన్నాడు. కాపు రెండేళ్ళుగా తగ్గుతూ వస్తోందట. మామిడికి ఏడు విడిచి ఏడు కాసే గుణం ఎట్లాగూ ఉంది కాబట్టి తప్పంతా ఫోను మీద వేయను. అయినా చెట్టుకు మనిషి కావలసిన నెలా, ఫోనుకు మనిషి కావలసిన నెలా ఒకటే అయింది. నాలుగెకరాల రైతు ఇంట్లో ఆ మనిషి ఒక్కడే ఉంటాడు.

దిగుబడి దేనివల్ల పెరుగుతుందన్న మాట వచ్చింది కాబట్టి మామిడి వదిలి కాసేపు బాలానగర్ పోదాం. షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు పోయే దారిలో పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది. చిన్నప్పుడు మా బాపుతో బస్సులో పోయేటప్పుడు, బతుకమ్మ రోజులు దగ్గర పడుతున్నాయంటే ఆ దారి పొడుగునా సీతాఫలం గంపలే. ఆడవాళ్ళు తెల్లవారకముందే గుట్టలెక్కి తెంపుకొచ్చేవాళ్ళు. బస్సు ఆగితే చాలు, కిటికీలోంచి గంప లోపలికే వచ్చేది. కండ్లు తెరిచిన కాయలు, అంటే గీతల మధ్య సందులు విచ్చి తెల్లబడినవి, పైన ఉండేవి. కండ్లు మూసుకున్నవి అడుగున. మా అమ్మ ఇంటికి తెచ్చినవాటిని వడ్ల గుమ్మిలో పూడ్చేది. ఒక్కరోజు ఆలస్యంగా చేయి పెడితే చెయ్యంతా గుజ్జే. ఏ కాయ ఏనాడు పండుతుందో లెక్క కట్టడంలో మా నాయనమ్మను మించినవాళ్ళు లేరు. గుమ్మి మీద చేయి వేసి వాసన చూసేది, రేపు తియ్యమనేది, ఆ రేపటికే పండేది. ఆ విద్య మాలో ఎవరికీ అబ్బలేదు.

ఆ కాయకు రైతు లేడు, తోట లేదు, ఎరువు లేదు. చేల గట్ల మీద, గుట్ట బోడుల మీద తనంతట తాను మొలిచి కాసేది. కానీ పండ్ల శాస్త్రం పుస్తకం ఏది తీసినా సీతాఫలం రకాల్లో ‘బాలానగర్’ ఉంటుంది. ఆ పేరుతో వరుసలు తీసి తోటలు వేసినవాళ్ళు మహారాష్ట్ర వాళ్ళు. షోలాపూర్ జిల్లా బార్శీ దగ్గర నవనాథ్ కస్పటే అనే రైతు తన తోటలో ఎంపిక చేసిన ఎన్‌ఎంకె-1 గోల్డెన్ రకం ఇప్పుడు దేశమంతా పాకింది. అక్కడ చెట్టుకు కత్తెర పడుతుంది, నీళ్ళు డ్రిప్పులో పోతాయి. సీతాఫలం పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. ఆ రెంటికీ సమయం కుదిర్చేది చిన్న చిన్న పెంకు పురుగులు. అందుకే పూసిన పువ్వుల్లో పిందె నిలిచేవి బహు కొద్ది. చిన్న కుంచెతో పుప్పొడి అద్దితే పిందె కట్టడం బాగా పెరుగుతుంది. ఇది ఎప్పటినుంచో తెలిసిన పనే. బాలానగర్ గుట్టల మీద కుంచె పట్టుకుని ఎవరు నిలబడతారు?

చేతకాక కాదు. పండిన సీతాఫలం రెండు మూడు రోజులకు మించి ఆగదు, చల్లటి గదిలో పెడితే నల్లబడుతుంది, కొరియర్‌లో వేస్తే ముద్దవుతుంది. దాన్ని నిలబెట్టేది గుజ్జు ఒక్కటే. 1984లో ముంబయి జుహూలో నాచురల్స్ ఐస్‌క్రీమ్ మొదలైన నాటి నుంచి సీతాఫలం ఐస్‌క్రీమ్‌కు వచ్చిన గిరాకీ మనకు తెలిసిందే. మన మొజంజాహీ మార్కెట్‌లో అయితే దానికోసం వరుసలో నిలబడని హైదరాబాదీ ఉండడు. ఏటేటా ఇంత గుజ్జు కావాలని అడిగేవాడు ఉన్నచోట రైతు మొక్క నాటి నాలుగేళ్ళు ఎదురు చూస్తాడు. కుంచె కూడా పడతాడు. ఎంత అడుగుతాడో, వచ్చే ఏడు అడుగుతాడో లేదో తెలియని చోట చెట్టును గుట్టకే వదిలేస్తాడు. కొనేవాడు ఫోనులో ఉన్నాడా ఎదురుగా ఉన్నాడా అన్నది చెట్టుకు అక్కర లేదు. మళ్ళీ వస్తాడా లేదా అన్నదే దానికి లెక్క.

బస్సు దిగి నల్లగొండకు వద్దాం. బత్తాయి ఆన్‌లైన్‌లో పెడితే ఏమవుతుందో అక్కడ చూడాలి. మన సాత్‌గుడి లోపల ఎంత తియ్యగా ఉన్నా పైన పచ్చగానే ఉంటుంది. తోలు నారింజ రంగుకు తిరగాలంటే రాత్రిళ్ళు చల్లబడాలి, నల్లగొండలో సీజన్ కాపు దిగే ఆగస్టు, సెప్టెంబరులో ఆ చలి ఎక్కడిది? ఫోనులో బొమ్మ చూసి కొనేవాళ్ళకు పచ్చకాయ అంటే పచ్చిదే. ఇక మంగు. మంగు నల్లి గీరిన కాయ తోలు గోధుమ రంగుకు తిరిగి మొరటుగా కనిపిస్తుంది, లోపల రసానికి ఏమీ కాదు. మంగు కాయే తియ్యగా ఉంటుందని ఊళ్ళో పిల్లలంతా దాన్నే ఏరుకునేవాళ్ళం. బండి మీద జ్యూసు తీసేవాడికి అది రేటు తగ్గించే సాకు మాత్రమే, కొనడం మానడు. ఫొటో పెట్టి అమ్మే రైతుకు అది పనికిరాని కాయ. అందుకని గంధకం కొట్టే చోట ఇంకా ఘాటు మందులు, ఒకసారి చాలిన చోట రెండుసార్లు. గ్లాసులో రసం అంతే ఉంటుంది, ఖర్చు మాత్రం తోలు మీద పెరుగుతుంది.

నల్లగొండ బత్తాయిలో దిగుబడి తేల్చేవి వేరు. బోరులో నీళ్ళున్నాయా, తోటను బెట్టకు వదిలి మళ్ళీ తడి ఇచ్చే అదును దొరికిందా, నర్సరీ వాడు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టాడా జంబేరి మీద కట్టాడా. ఆ ఆఖరిది ఇరవై ఏళ్ళ కాపును ముందే రాసి పెడుతుంది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ మొదలైనప్పుడు దేశంలో తొలి 21 మార్కెట్లలో మన తిరుమలగిరి, బడేపల్లి ఉన్నాయని గర్వపడ్డాం. కానీ వాటికి వచ్చేది గింజ సరుకు. బత్తాయి లారీ ఇప్పటికీ తోట గట్టుకే వచ్చి ఆగుతుంది.

ఆ లారీ దగ్గర ఆగి చూస్తే నా పాత కసి కొంచెం సడలుతోంది. షావుకారు పొట్టి కాయ తీసుకుంటాడు, మంగు కాయ తీసుకుంటాడు, గాలికి రాలినదీ తీసుకుంటాడు. కోత కూలీలను తెస్తాడు, క్రేట్లు తెస్తాడు. మామిడిలో అయితే జనవరిలో, మందులకూ పిల్లల ఫీజులకూ చేతిలో పైసా లేని నెలలో, బయానా ఇస్తాడు. అన్నిటికీ మించి, ఏప్రిల్‌లో వచ్చే గాలివాన, వడగళ్ళు గుత్త తోటలో అతని నెత్తిన పడతాయి. పెట్టె కొనేవాడు సరుకు లేదన్న మాట చూసి పక్కవాడి దగ్గరికి పోతాడు, అంతే. నూట అరవై చెట్ల కాపులో పెట్టెకు పనికొచ్చేది నాలుగో వంతేనని మావాడి లెక్క. మిగతా మూడు వంతుల కోసం మళ్ళీ షావుకారు గడపే తొక్కాలి. మంచి కాయ ఏరి అమ్ముకుని మిగిలింది తెచ్చావా అని అతను రేటు దించితే ఏ నోటితో కాదంటాం?

గుత్తలో నిజంగా చెడ్డది ఒక్కటే, మొత్తం రేటు. తోటకు ఇంత అని కాక తూకానికి ఇంత అనుకుంటే, ముదరని కాయ కోసినందుకు ఇద్దరికీ నష్టమే. అప్పుడు షావుకారు కూడా వారం ఆగుతాడు. రైతుకు జూన్‌లో చెట్టు కింద ఉండే తీరిక దొరుకుతుంది.

ఈ మాటే మావాడితో అన్నాను. వచ్చే ఏటికి అతను బావి దగ్గరి నలభై చెట్లు పెట్టెలకు ఉంచుకుని, మిగతావి తూకం మీద షావుకారుకు ఇవ్వబోతున్నాడు. కోత రెండు విడతలకు తగ్గకూడదు, మే నెల దాటకుండా తోట ఖాళీ చేయాలి, అని రెండు షరతులు పెట్టాడు. షావుకారు రెంటికీ తల ఊపి, తనదీ ఒకటి ముందు పెట్టాడట. పెట్టెలు కొనేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో తనను కూడా చేర్చాలని. మావాడు గుర్రుగా ఉన్నాడు. చేర్చుకొమ్మనే చెప్పాను.