భారతం ఆడే ఊళ్లు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత సాహిత్య వారసత్వం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత సాహిత్య వారసత్వాన్ని స్మరించే సభలు సాధారణంగా పేర్ల జాబితాతో మొదలవుతాయి. తరిగొండ వెంగమాంబ, 1919లో మదనపల్లెలో ‘జనగణమన’ను ఆంగ్లీకరించిన రవీంద్రుడు, ‘కథాశిల్పం’ రాసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య. జాబితాలో తప్పులేదు. అయితే ఈ సీమ తనకు తానుగా జరుపుకొనే సాహిత్యోత్సవం ధర్మరాజుల గుడి ముంగిట ఆడే భారతం. దానిని జానపద క్రతువుగా వర్గీకరించి ఊరుకోవడం విమర్శకు తగదు.

పగలు హరికథకుడు చెప్పిన ఘట్టాన్నే రాత్రి వీథినాటక బృందం ఆడుతుంది. ఒకే కథను కొన్ని గంటల తేడాతో రెండు ప్రక్రియల్లో గ్రహించే శ్రోత, తెలియకుండానే తులనాత్మక పాఠకుడవుతున్నాడు. అర్జునుడు తపసు మాను ఎక్కే రోజున సంతానం కోరే స్త్రీలు కింద సాగిలపడతారు. నటుడెవరో, దైవమెవరో అక్కడ ఎవరూ అడగరు.

విమర్శకుడు నిలిచి చూడవలసింది దుర్యోధన వధను. నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని తొడ భీముని గదకు పగులుతుంది. ఆ ‘రక్తం’తో ద్రౌపది కురులు ముడుస్తుంది. తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది కృష్ణునికి చూపిన కురులే ఇవి. ముడి మాత్రం తిక్కనది కాదు. సంస్కృత ‘వేణీసంహారం’లో ఆ ముడి వేసేది భీముడు. పొరుగున తమిళ ద్రౌపదమ్మ ఉత్సవాల్లో మాత్రం దీని దగ్గరి చుట్టం కనిపిస్తుంది. కాబట్టి కుప్పం సరిహద్దును మాండలిక పదాల పట్టికతో కొలిస్తే చాలదు, కథ ఎటు నుంచి ఎటు నడిచిందో చూడాలి. 1997లో అక్కడే ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ పనికి తగిన చోటు. ముందుగా సేకరించవలసినవి హరికథకుల వద్ద, వీథినాటక బృందాల వద్ద మిగిలిన చేతిరాత ప్రతులు.