తెర వెనుక గురువు

అమీర్‌పేట మైత్రీవనం నుంచి ఎస్.ఆర్. నగర్ వరకు గల వీధులు కంప్యూటరు శిక్షణకు పేరు మోసినవి. జిల్లాల నుంచి వచ్చిన యువకులు అక్కడి హాస్టళ్ళలో దిగి, కిక్కిరిసిన గదులలో పాఠాలు వినేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆ గదులు మూతపడి, పాఠాలు ఫోను తెరపైకి చేరాయి. గదులు మళ్ళీ తెరచుకున్నా ఆన్‌లైన్ బోధన కొనసాగుతూనే ఉన్నది. ఖుర్ఆన్ పఠనం, అరబీ వ్యాకరణం కూడా నేడు ఆ తెరపైనే బోధింపబడుతున్నాయి.

గురువు ఎదుట లేనిచోట విద్య అబ్బదని పలువురి ఆక్షేపణ. ఇది కొత్తది కాదు. తెర చాటు నుంచి విన్న హదీసును ఉల్లేఖించవచ్చునా అని హదీసు పండితులు పూర్వమే చర్చించారు. ముఖం కానరానిదే ఉల్లేఖించరాదని షుఅబా (మరణం హి.శ. 160) అభిప్రాయం. అత్యధికులు దీనిని అంగీకరించలేదు. హజ్రత్ ఆయిషా (రజి) పరదా వెనుక నుంచి బోధించగా, శిష్యులు ఆమె స్వరాన్ని ఆధారం చేసుకొని ఉల్లేఖించారు. ఇబ్నుస్సలాహ్ (మరణం హి.శ. 643) ఈ పక్షాన్నే సమర్థించారు. కనుక తెర ఉన్నంత మాత్రాన బోధన చెడదు.

మరి లోపమెక్కడ? ఆ పండితులు చెప్పిన విద్యాస్వీకరణ మార్గాలలో మొదటి రెండింటిని గమనించాలి. గురువు చదువగా శిష్యుడు వినటం ‘సమాఅ’. శిష్యుడు చదువగా గురువు వినటం ‘ఖిరాఅత్’. ఇమాం మాలిక్ (రహ్మ) సన్నిధిలో శిష్యులే ‘మువత్తా’ చదివేవారు, ఆయన ఆలకించేవారు. తప్పు దొర్లితే అక్కడికక్కడే బయటపడేది. ఈ మార్గాల యోగ్యతను విచారించిన ఖతీబ్ బగ్దాదీ గ్రంథం ‘అల్-కిఫాయా’ను హి.శ. 1357లో అచ్చువేసినది మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫే.

నేటి ఆన్‌లైన్ పాఠాలలో అధికభాగం కేవలం ‘సమాఅ’. అదీ లోపభూయిష్టమైనది. గురువు ఎన్నడో రికార్డు చేసిన పాఠాన్ని విద్యార్థి రెట్టింపు వేగంతో, మరో పని చూసుకుంటూ వింటాడు. వినేవాడు మాటలాడుతున్నా, చదివేవాడు మితిమీరిన వేగంతో సాగినా ఆ శ్రవణం చెల్లునా అని ఇబ్నుస్సలాహ్ ప్రత్యేకంగా చర్చించారు. వీడియో చివరి వరకు నడిస్తే చాలు, సర్టిఫికెట్ చేతికందుతున్నది. ఇజాజత్ అలాంటిది కాదు, అది గురువు తన బాధ్యతపై ఇచ్చే అనుమతి.

ఖుర్ఆన్ పఠనం ఆన్‌లైన్‌లో రాణిస్తున్న చోట కారణం స్పష్టం. అక్కడ గురువు ఒక్కొక్క విద్యార్థి పఠనాన్ని విని ‘జాద్’, ‘జా’ అక్షరాల తేడాను దిద్దుతాడు. ప్రోగ్రామింగ్ నేర్పేవారికీ ఇదే దారి. పాఠం సగంలో ఆపి, విద్యార్థి స్వయంగా వ్రాసినది తెరపై చూపించుకొని, ఎందుకలా వ్రాశాడో అతని నోటనే చెప్పించాలి. రెండుసార్లు వల్లెవేస్తే పట్టుబడేంత పాఠమే తొలుత ఇవ్వాలన్న జర్నూజీ నియమం ఇక్కడా వర్తిస్తుంది. మదరసాలలో పాఠం తరువాత విద్యార్థులు జరుపుకొనే ‘తక్‌రార్’ను నలుగురైదుగురి చొప్పున ఫోనులోనే జరిపించవచ్చు.

దీనికి ఎక్కువమంది బోధకులు కావాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ మాట నిజమే. అయితే 1982లో ఇదే నగరంలో నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం సైతం అచ్చుపాఠాలతో సరిపెట్టక, సందేహాలు తీర్చే అధ్యయన కేంద్రాలను నడిపింది. ఇల్లు కదలలేని యువతికీ, పగలు కూలికి పోయే యువకునికీ ఆన్‌లైన్ పాఠమే దిక్కు. వారి చదువును ఆలకించే చెవి లేకుండా రుసుము మాత్రం పుచ్చుకోవటం అమానతుకు తగదు.