పక్కకు సాగిన ఇల్లు, పైకి లేచిన ఇల్లు

రీల్స్ పుణ్యమా అని చైనా కర్ర ఇళ్లు మనకు కొత్తవి కావు. ఫెంగ్‌హువాంగ్ పాత ఊళ్లో తువోజియాంగ్ ఏటి మీదికి ఒరిగి, సన్నటి గుంజల మీద నిలబడ్డ ఇళ్ల వరసను ఫోనులోనైనా చూడనివాళ్లు తక్కువ. జాంగ్‌జియాజియేలో రాత్రిళ్లు పసుపు దీపాలతో దగదగలాడే ‘డెబ్బై రెండు వింతల మేడ’ కూడా అంతే. 110 మీటర్లకు రవ్వంత తక్కువ ఎత్తుతో అది గిన్నిస్ పుస్తకం దాకా వెళ్లింది. కాబట్టి ఈ ఇళ్లు ఎంత అందంగా ఉంటాయో వర్ణించే పని నాకు తప్పింది. అయితే ఆ బొమ్మల్లో ఒక్కటిగా కలిసిపోయినవి నిజానికి రెండు ఇళ్లు. ఒకటి తుజియా జాతివాళ్లది, రెండోది మియావో జాతివాళ్లది. చైనీసులో రెంటికీ పేరు ఒక్కటే, ద్యావ్‌జ్యావ్‌లౌ. కలపా ఒక్కటే, పనిముట్లూ ఒక్కటే. కట్టేవాడి తలలో ఉన్న ఇల్లు మాత్రం వేరు.

ఇద్దరూ ఇరుగుపొరుగులే. హునాన్, హుబే, చోంగ్‌చింగ్, గ్వీజౌ సరిహద్దులు కలిసేచోట పరుచుకున్న వూలింగ్ కొండలు తుజియాల తావు. 2020 జనగణనలో వాళ్లు దాదాపు 96 లక్షలు. మియావోలు కోటీ పది లక్షలు. వాళ్లు ఎన్నో చోట్ల చెదిరి ఉన్నా, ఇంటి సంగతి వచ్చేసరికి అందరూ చూపించేది గ్వీజౌ ఆగ్నేయంలో లేగోంగ్ కొండ చుట్టుపక్కల పల్లెల్నే. భాషలకు చుట్టరికం లేదు. తుజియా మాట టిబెటో-బర్మన్ శాఖకు చెందింది, ఇప్పుడది పలికే నోళ్లు బాగా తగ్గిపోయి చాలామంది చైనీసుకే మళ్లారు. మియావోది పూర్తిగా వేరే కుటుంబం. అయినా హునాన్‌లోని షియాంగ్‌షీకి, హుబేలోని ఎన్‌షీకి సర్కారు ఈ రెండు పేర్లూ జతచేసే స్వయంపాలన ఇచ్చింది. అసలు తుజియాలను వేరే జాతిగా గుర్తించిందే 1957లో. జాతుల పట్టిక నిన్నమొన్నటిది. ఇళ్ల మధ్య తేడా అంతకన్నా చాలా పాతది.

తుజియా ఇల్లు ముందు నేల మీద కూర్చుంటుంది. నడుమ సావడి, అటొక గది, ఇటొక గది, అంతా చదును చేసిన నేల మీదే. సావడి ముందుగోడ కాస్త లోపలికి జరిగి, గుమ్మం ఎదుట నీడపట్టు ఒకటి మిగులుతుంది. లోపల ఎదురుగోడకు పెద్దల పీఠం. ఇంతవరకూ గుంజ ఊసే లేదు. ఆ తరవాత ఇంటి కొసనుంచి ఒక రెక్క మూలమట్టంగా ముందుకు సాగుతుంది. నేల అక్కడ పల్లానికి జారుతుంది కనుక ఆ రెక్కకు కాళ్లు మొలుస్తాయి. ఒక్క రెక్కే ఉంటే తాళంచెవి తల అంటారు, రెండువైపులా ఉంటే చేట నోరు అంటారు. నాలుగో వైపు కూడా కట్టేస్తే నాలుగు చూరుల నీళ్లూ నడివాకిట్లో పడతాయి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో వానాకాలం గడిపినవాళ్లకు ఇక వివరించక్కర్లేదు.

మియావో ఇంటికి రెక్క ఉండదు, ఆ మాటకొస్తే నేల మీద కూర్చునే భాగం విడిగా ఉండదు. వాలును రెండు మెట్లుగా చెక్కి, రాతికట్టుతో నిలబెడతారు. ఇంటి వెనక సగం పై మెట్టు మీద ఆనుతుంది, ముందు సగం కింది మెట్టునుంచి లేచిన గుంజల మీద నిలుస్తుంది. అడుగున పశువులు, పనిముట్లు, కట్టెలు. నడి అంతస్తులో మనుషులు. పైన అటకలో ధాన్యం. నడి అంతస్తు వెనకవైపు కొండను తాకుతూనే ఉంటుంది కాబట్టి ఇంటి పక్కనుంచి నడిచి నేరుగా అందులోకే వెళ్లొచ్చు. పశువుల కొట్టం దాటి నిచ్చెనెక్కే పని లేదు.

తుజియా ఇల్లు అర్థం కావాలంటే పైనుంచి చూసినట్టు నక్షా గీయాలి. ఎవరు ఎవరికి ఎంత దూరం, పెద్దల పీఠానికి వంటింటికి ఎంత ఎడం, ఆడపిల్లల గది ఏ కొసన ఉంది అన్నదంతా అడ్డంగా పరిచి ఉంటుంది. మియావో ఇల్లు మాత్రం నక్షాలో సాదాసీదా నలుచదరం. దాన్ని నిలువునా కోసి చూస్తేనే లోపలి తెలివి బయటపడుతుంది. అలాగని ఒకటి నాగరికం, మరొకటి మొరటు అనుకుంటే పొరపాటు. లేగోంగ్ కొండల్లో చదును నేల దొరికితే అది వరిమడికి పోతుంది, ఇంటికి మిగిలేది ఏటవాలే. పక్కకు సాగడానికి చోటు లేనివాడు పైకే లేవాలి. ఇటు వూలింగ్ లోయల్లో ఇంటి మందానికి చదును దొరుకుతుంది, రెక్క చాచేసరికి అయిపోతుంది.

నేల ఒక్కటే కారణం కాదు, చరిత్రా ఉంది. తుజియా కొండలను కొన్ని వందల ఏళ్లు వంశపారంపర్య దొరలు ఏలారు. వాళ్ల కోటల్లో రెండు, యోంగ్‌షున్‌లోని లావ్‌సీచెంగ్, షియన్‌ఫెంగ్‌లోని తాంగ్‌యా, 2015లో యునెస్కో జాబితాకెక్కాయి. దొరల కాలంలో సామాన్యులు పెంకులు కప్పుకోకూడదన్న కట్టడి ఉండేదని జనం చెప్పుకుంటారు. 1720ల చివరనుంచి 1730ల దాకా చింగ్ చక్రవర్తి ఆ దొరతనాలను రద్దుచేసి తన అధికారుల్ని పెట్టాక, కింది మైదానాల చైనీయుల సావడి, పీఠం, వాకిలి ఈ కొండల్లో బలంగా పాదుకున్నాయని ఎక్కువమంది పండితుల అంచనా. నేల మీది ఇల్లు అలా వచ్చిందైతే గుంజల రెక్క అంతకుముందునుంచీ ఉన్నది. తుజియా ఇల్లు ఆ రెంటికీ వేసిన అతుకు. అవే సంవత్సరాల్లో అదే ప్రభుత్వం మియావో కొండల మీదికీ సైన్యాన్ని పంపింది. 1735లో అక్కడ పెద్ద తిరుగుబాటు లేచింది. సైన్యం వచ్చి కోటలు కట్టింది గానీ, గుంజల మీది ఇంటిని కిందికి దించలేకపోయింది.

ఆ అతుకు కళ్లారా చూడాలంటే తుజియా ఇంటి మూలకు వెళ్లాలి. నేల ఇంటి కప్పు ఒక దిక్కుకు వాలుతుంది, రెక్క కప్పు దానికి అడ్డదిక్కుకు వాలుతుంది. ఆ రెండు కప్పులు కలిసేచోటు ఏ వడ్రంగికైనా తలనొప్పే. తుజియా పనివాళ్లు అక్కడ ఒకే ఒక్క స్తంభం నిలిపి, రెండు దిక్కుల నుంచీ వచ్చే దూలాలను అన్నివైపులా దాన్లోకి దూరుస్తారు. దాన్ని గొడుగు కర్ర అంటారు, కొన్నిచోట్ల సేనాపతి స్తంభం అంటారు. దాని ఒంటినిండా కంతలే. ఒక కంత అంగుళం తప్పితే మిగతా దూలాలన్నీ తప్పినట్టే. ఇంత సాహసం చేసిన ఆ మూల గది తరచు వంటిల్లే, పొగలో నల్లబడిపోయి ఉంటుంది. నన్నడిగితే తుజియా వడ్రంగం పరాకాష్ఠ చెక్కడపు కిటికీల్లో లేదు, ఈ పొగచూరిన మూలలో ఉంది.

మియావో ఇంటికి ఇలాంటి మూల లేదు, ఆ ఇబ్బందీ లేదు. దాని గొప్పతనం ముందువైపు. సావడి ఎదుట లోయవైపు వంపు తిరిగిన కమ్మీలతో, వీపు ఆన్చుకోవడానికి అనువుగా ఒక పొడవాటి బల్ల అమర్చి ఉంటుంది. దాన్ని చైనీసులో సుందరి ఆనుకునే చోటు అని ముద్దుగా అంటారు. ఆ ముద్దు పర్యాటకులకు బాగా నచ్చింది. అసలు ఉపయోగం వెలుతురు. మియావో ఆడవాళ్ల కుట్టుపని సన్నమైనది, చీకటి గదిలో సాగదు. అదే విధంగా తుజియా ఇంట్లో రెక్క మేడగదినీ దాని చుట్టూ తిరిగే వసారానూ ఆడపిల్లలకు ఇచ్చేవారు. షీలాన్‌కాపూ అనే రంగురంగుల నేత అక్కడి మగ్గాల మీద సాగేది. ఇంటి అమరిక ఎంత వేరైనా, గాలీ వెలుతురూ తగిలే మంచి చోటు రెండిళ్లలోనూ దారం పనికే దక్కింది. పట్టుబట్టి తేడాలు వెతికేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటారు.

చేతిపనిలోకి వెళ్లేకొద్దీ తేడా ఇంకా తగ్గిపోతుంది. ఇద్దరి దగ్గరా పెద్ద వడ్రంగి అంటే మసి దారం చేతబట్టినవాడు. గీత గీసే హక్కు అతనిది, కోసేవాళ్లు మిగతావాళ్లు. కాగితం నక్షా ఉండదు. ఎత్తైన స్తంభమంత పొడుగు వెదురు బద్ద ఒకటి చీల్చి, దాని మీద ఏ దూలం ఎంత ఎత్తున దూరాలో గుర్తులు పెట్టుకుంటాడు. ఇల్లంతా ఆ బద్దలోనే ఉంటుంది. ఎత్తు లెక్క చివర ఎనిమిది రావాలన్న పట్టింపు కొండలకు రెండువైపులా ఉంది. నడి స్తంభం తరచు 18 అడుగుల 8 అంగుళాలు, అదీ వాళ్ల కొలతలో. మన లెక్కన ఆరు మీటర్ల పైచిలుకు.

ఇంకా సూక్ష్మమైన పని చిన్న వెదురు పుల్లలది. వాడేది ఎక్కువగా షామూ అనే నిటారు చెట్టు. కలప తేలిక, చెద తక్కువ. మాను గుండ్రం, పైకి పోయేకొద్దీ సన్నం. అందుకే ఒకే ఉలితో తొలిచినా ఏ రెండు కంతలూ ఒక్కలా ఉండవు. దూలాలన్నీ ఒకే కొలతకు కోస్తే కొన్ని వదులవుతాయి, కొన్ని దూరవు. పెద్ద వడ్రంగి ఒక్కో కంతకు ఒక్కో పుల్ల తీసుకుని లోపల పెట్టి, లోతు, వెడల్పు, అంచు వాలు అన్నీ దానిమీద గీసి, ఏ స్తంభం, ఏ వైపు అని రాసుకుంటాడు. ఆ తరవాతే ఆ పుల్లను చూస్తూ ఆ కంతకే సరిపోయేలా దూలం కొస చెక్కుతారు. ఇంటికి వందల పుల్లలు. ఇనుప మేకు లేకుండా కట్టారని మనం ఆశ్చర్యపోయేది ఈ పుల్లల కట్టను చూసి కావాలి. ఫ్రేము నేల మీదే జతచేసి, ఊరంతా తాళ్లు పట్టి లేపితే అది రాతి దిమ్మెల మీద నిలబడుతుంది. గుంతలు తీసి పాతరు. ఈ విద్య ఎవరిది ముందు అని వాదించేవాళ్లకు ఒక్క మాట: ఈ కొండలకు ఎంతో తూర్పున, జజియాంగ్‌లోని హెముదూ తవ్వకాల్లో కంత, కొస చెక్కిన కలప దొరికింది. దాని వయసు 7,000 ఏళ్లు.

తేడా మళ్లీ కనిపించేది మంత్రతంత్రాల దగ్గర. ఇద్దరూ చైనీయుల వడ్రంగి దేవుడు లూ బాన్‌కే మొక్కుతారు. తుజియాలకు ముఖ్యం వెన్నుదూలం. దాన్ని దొంగిలించాలి! ఎవరి కొండమీదో మంచి చెట్టు చూసిపెట్టుకుని, తెల్లవారకముందే కొట్టి, మోడు దగ్గర ఎర్ర కాగితంలో కాసిని డబ్బులు వదిలి వస్తారు. చెట్టుగల ఆసామి లేచి తిట్టాలి. ఎంత తిడితే ఇంటికి అంత శుభం. దూలం ఎక్కించే రోజున వడ్రంగి మంగళ పదాలు పాడుతూ పైకెక్కి, అక్కడినుంచి బియ్యపు ఉండలు జనం మీదికి విసురుతాడు. మియావోలు మాత్రం మనసు పెట్టేది నిలువు స్తంభం మీద. వాళ్ల సృష్టిగాథల్లో సీతాకోకచిలుక తల్లి ఫెంగ్‌షియాంగ్ చెట్టులోంచి పుట్టింది. ఆమె పెట్టిన పన్నెండు గుడ్లలోంచే మనుషుల మూలపురుషుడు జియాంగ్ యాంగ్ వచ్చాడు. అందుకే ఇల్లంతా షామూతో కట్టినా, నడి స్తంభానికి ఫెంగ్‌షియాంగ్ మాను వెతికి తెస్తారు. ఒకరికి ఇంటి ప్రాణం అడ్డంగా పడుకున్న దూలంలో ఉంది, మరొకరికి నిలువుగా లేచిన స్తంభంలో ఉంది. పక్కకు సాగిన ఇల్లు, పైకి లేచిన ఇల్లు అన్న తేడాతో ఇది కావాలని జతపరిచినట్టు కుదిరింది. కుదిరింది కాబట్టే కొంచెం అనుమానించాలి కూడా, ఇలాంటి పొంతనలు విమర్శకులకు తేలిగ్గా దొరుకుతాయి.

మరి ఫెంగ్‌హువాంగ్ ఏటి ఇళ్లు ఎవరివి? ఆ ఊరివాడే అయిన రచయిత షెన్ త్సోంగ్‌వెన్ (1902–1988) ఒంట్లో ఇద్దరి నెత్తురూ, చైనీయులదీ ఉంది. 1934లో వచ్చిన ఆయన నవల ‘సరిహద్దు ఊరు’ తరవాతే చదువుకున్న చైనా ఇటు తిరిగి చూసింది. ఆ ఏటి ఇళ్లు మాత్రం రేవు ఊరి వర్తకులవి. ముందు వీధిలో అంగడి, వెనక నీటి మీద గుంజలు, చోటు చాలక ఏటిమీదికి జరిగిన కట్టడం. తుజియా రెక్కా కాదు, మియావో మెట్టూ కాదు. 2014 జులై వరదలో ఆ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ప్రపంచం చూసిన ఫొటోలు కూడా ఈ మూడో రకం ఇంటివే.

మియావో ఇంటి విద్య 2006లోనే చైనా జాతీయ వారసత్వ జాబితాలో చేరింది, తుజియాలది 2011లో. ఈ అయిదేళ్ల తేడాకు ఫలితాలున్నాయి. లేషాన్‌లోని షీజియాంగ్, వెయ్యికి పైగా గడపలున్న మియావో ఊరు, 2008నుంచి పర్యాటకుల తీర్థం. పశువులు వెళ్లిపోయాయి, అడుగు అంతస్తు ఇటుకతో మూసి గదులు చేశారు, బయట చెక్కలు తొడిగారు. నిలువు వరసతో బతికిన ఇంటికి కింది మెట్టు మారితే లెక్క మొత్తం మారుతుంది. గుంజ ఇప్పుడు బరువు మోయడం కన్నా ఫొటోకు పనికొస్తోంది. తుజియా పల్లెల్లో ఆ ఒత్తిడి ఆలస్యంగా వచ్చింది, వేరేగా వచ్చింది. అక్కడ రెక్క కింద కట్టే పంది లేకపోయినా సావడికి, పీఠానికి వచ్చే లోటేమీ లేదు. పిల్లలు పట్నం పోయాక ముందు ఖాళీ అయ్యేది ఆ రెక్కే. కానీ కూలినా, ఊడదీసినా నేల ఇల్లు ఎప్పటిలాగే నిలుస్తుంది. పైనుంచి చూసేవాడికి అది ఏ మైదానపు ఊరి ఇల్లో అనిపిస్తుంది, మూలన గొడుగు కర్రలో దూలాలు లేని కంతలు కనబడితే తప్ప.