గట్టు మీద మొదలుకావాల్సిన పాఠం

ఆహార భద్రత అనగానే ఫిషరీస్ విద్యార్థులు చాలామంది ప్రాసెసింగ్ ప్లాంటు గురించే చెబుతారు. తెల్లకోటు, తలకు టోపీ, క్లోరిన్ నీళ్లలో తడిసిన బూట్లు. నన్నడిగితే ఆ పాఠం చెరువు గట్టు మీద మొదలుకావాలి. ప్లాంటులో కడిగితే మట్టి పోతుంది, గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులు పెరగవు. కండలోకి చేరిన యాంటీబయాటిక్ మాత్రం అక్కడే ఉండిపోతుంది.

2022 నవంబరు నుంచి యూరప్‌లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కు గీసిన గీత 0.15 పీపీబీ. టన్ను రొయ్యల్లో 0.15 మిల్లీగ్రామన్నమాట. కంటైనరు తిప్పి పంపుతారన్న భయంతోనే ఈ అంకెను బట్టీ పట్టిస్తున్నాం. అసలు కారణం ముందు చెప్పాలి: ఆ మందు కొందరిలో ఎముక మజ్జను దెబ్బతీసి రక్తం తయారుకాకుండా చేస్తుంది, ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదు ఎవరూ తేల్చలేకపోయారు. పైగా చెరువులో ఎవరూ వేయకపోయినా అది రావచ్చు. కొన్ని కంటి మందుల్లో, చర్మానికి రాసే మందుల్లో ఉంటుంది. వేలికి ఆయింట్‌మెంట్ రాసుకుని రొయ్యల తలలు తీస్తే చాలు.

గట్టు మీది పాఠం మందుల గురించే కాదు. భీమవరం వైపు ఒక రొయ్యల పట్టుబడికి విద్యార్థులతో వెళ్లాను. క్రేట్ల మీద ఐసు తెల్లగా మెరుస్తోంది. ఒకమ్మాయి థర్మామీటరును పైన పెట్టి ఊరుకోకుండా రొయ్యల మధ్యకు గుచ్చింది. పైన 2 డిగ్రీలు, నడుమ 14. ఐసంతా పైనే పోశారు, పొరపొరకీ వేయలేదు. "ఇంకో రెండు దిమ్మలు కొట్టించండి బాబాయ్" అని మేస్త్రీని అడిగి, దగ్గరుండి మళ్లీ సర్దించింది. ఆ పిల్లకు ఇక పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని లేదు.

కష్టమైన పాఠం వేరే ఉంది. ఈ పిల్లలే రేపు టెక్నీషియన్లు. రాత్రి పదింటికి రైతు ఫోన్ చేస్తాడు: "తెల్లమచ్చ కనపడుతోంది బాబూ, ఏం మందు కొట్టమంటారు?" మేత బాకీ లక్షల్లో ఉంటుంది. అది వైరస్, యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ మాట చెప్పడానికి చదువొక్కటే చాలదు, అలవాటూ కావాలి. "ఏదో ఒకటి వేద్దాం" అనే రైతుకు మర్యాదగా అడ్డుచెప్పి, నమూనా ల్యాబుకు పంపించి, చెరువు పుస్తకంలో తేదీ వేసి రాయడం క్లాసులోనే సాధన చేయించాలి. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు దీనికి వేయాలని నా కోరిక.