రేడియో పాటయు, రాక్ సంగీతపు రేపటి నడకయు

రాక్ సంగీతమును గూర్చి తెలుగు సంఘపు సంచికయందు వ్యాసమా యని పెద్దలు కొందరు నొసలు చిట్లింపవచ్చును. త్యాగరాజును గూర్చియో, క్షేత్రయ్యను గూర్చియో వ్రాయుట ఇట్టి సంచికలకు పరిపాటి. ఆ పరిపాటిని మేము తప్పుపట్టుట లేదు. ఈ వ్యాసమును కొంత తిరిగి త్యాగరాజు కడకే వచ్చును. కాని బెంగుళూరులోను, చెన్నపట్టణమునందును, బరంపురములోను, బొంబాయిలోను మూడు నాలుగు తరములుగా కాపురమున్న మన యిండ్లలో పిల్లలు తలుపు మూసికొని వినుచున్నది ఏ సంగీతమో, అది ఎచటినుండి వచ్చినదో, ఎటు పోవుచున్నదో తెలిసికొనకయే 'గోల' యని త్రోసివేయుట విమర్శ కాదు. మేమును చాలకాలము ఆ పనియే చేసితిమి.

రాక్ అనునది గిటారునుండి పుట్టినదని పలువురు తలచుచుందురు. మా మతమున అది రేడియోనుండి పుట్టినది. అమెరికాలో నల్లవారి పాటలకు వేరు అంగళ్లు, వేరు జాబితాలు ఉన్న కాలమది. మనుష్యుల నడుమ గోడ కట్టవచ్చును గాని గాలికి గోడ కట్టుటకు వీలులేదు. 1951లో క్లీవ్‌లండ్ నగరపు డబ్ల్యు.జె.డబ్ల్యు. కేంద్రమునుండి అలన్ ఫ్రీడ్ అను ప్రయోక్త నల్లవారి 'రిథమ్ అండ్ బ్లూస్' రికార్డులను రాత్రివేళ వినిపింపసాగెను. తెల్లవారి పిల్లలు తమ గదులలో విని వానికి మరిగిరి. 'రాక్ అండ్ రోల్' అను పేరు దేశమంతట పాకుటకు ముఖ్యకారకుడు ఆయనయే. 1954 జూలైలో మెంఫిస్ నగరమున పందొమ్మిదేండ్ల ఎల్విస్ ప్రెస్లీ పాడిన తొలి రికార్డును అచటి ప్రయోక్త డ్యూయీ ఫిలిప్స్ ఒక్క రాత్రియందే మరల మరల వినిపించెను. ఆ యేడే జేబులో పట్టు ట్రాన్సిస్టరు రేడియో అంగడికి వచ్చినది. అంతవరకు రేడియో యనగా నడుమింటిలో పెద్దల కనుసన్నలలో నుండు చెక్కపెట్టె. అటుపై అది పిల్లవాని దిండు క్రిందికి చేరినది. ఈ చిన్న యంత్రము చేసిన పనిని గాయకుల పనికంటె తక్కువగా ఎంచరాదు.

ఈ కథలోని అన్యాయమును దాచి చెప్పుటయు తగదు. బిగ్ మామా థార్న్‌టన్ అను నల్లజాతి గాయని పాడగా 1953లో వెలువడిన 'హౌండ్ డాగ్' పాటను 1956లో ఎల్విస్ మరల పాడెను. నేడు ఆ పాట పేరు చెప్పినచో లోకమునకు తోచు ముఖము రెండవవారిదే. 1959, 60 సంవత్సరములలో ప్రయోక్తలు లంచము పుచ్చుకొని రికార్డులు వేయుచున్నారను విచారణ జరిగి, ఫ్రీడ్ పదవిని, ప్రతిష్ఠను రెంటిని పోగొట్టుకొనెను. గాలికి గోడ లేదంటిమి. గాలికి ధర మాత్రము ఉండెను.

సంగీతపు రూపమును సైతము రేడియోయే దిద్దినది. 1949లో వచ్చిన 45 భ్రమణముల చిన్న రికార్డు ఒక్కొక్క ప్రక్క సామాన్యముగా మూడు నాలుగు నిముషముల పాటనే మోసెడిది. ప్రకటనల నడుమ ఇమిడించుకొనుటకు రేడియోవారికిని అదియే అనుకూలము. కనుక కవి చెప్పవలసినదంతయు మూడు నిముషములలో చెప్పితీరవలెను. ఈ నిర్బంధమును నిందించుట సులభము. కాని సీసపద్యమునకు పాదములు నాలుగే యని తిక్కన నొచ్చుకొనలేదు గదా! 1965లో బాబ్ డిలన్ ఆరు నిముషములు మించిన 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' పాట పాడినప్పుడు దానిని రెండు ముక్కలుగా కోసి రికార్డుకు రెండు ప్రక్కల ఎక్కించి కేంద్రములకు పంపిరి. శ్రోతలు మొత్తము వినిపింపుడని పట్టుపట్టిరి. 1967లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున టామ్ డొనహ్యూ కె.ఎం.పి.ఎక్స్. అను ఎఫ్.ఎం. కేంద్రమున పాటల జాబితా యను కట్టుబాటును తీసివేసి, పెద్ద రికార్డుల నుండి నిడుపైన పాటలను నింపాదిగా వినిపించు పద్ధతి తెచ్చెను. రాక్ పాట ఒక కీర్తనవలె మొదలై రాగాలాపనవలె పెరిగినది అప్పుడే.

ఇంగ్లండులో కథ మరియొక విధము. బి.బి.సి. ఇట్టి పాటలకు చాలినంత చోటీయలేదు. 1964 మార్చిలో 'రేడియో కరోలిన్' అను ఓడ సముద్రముమీద లంగరు వేసి పాటలు ప్రసారము చేయసాగెను. 1967 ఆగస్టులో శాసనము చేసి అట్టి ఓడలను అణచిరి. సెప్టెంబరు 30న అట్టి పాటలకే బి.బి.సి. తన 'రేడియో వన్' తెరచినది! నవ్వు పుట్టించు ఈ కథ మనకు క్రొత్త కాదు. 1952లో మంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు అడ్డుకట్ట వేయగా, ఇండ్లలోని రేడియో ముల్లు సిలోను వైపు తిరిగినది. అమీన్ సయానీ 'బినాకా గీతమాల' ఆ యేడే మొదలైనది. తెలుగువారికి మీనాక్షీ పొన్నుదురై కంఠము సిలోనునుండియే చుట్టమైనది. 1957 అక్టోబరు 3న ఆకాశవాణి 'వివిధ భారతి'ని ప్రారంభించినది. వారికి ఓడ, మనకు ద్వీపము.

మన లలితసంగీతము సైతము రేడియో బిడ్డయే. చెన్నపురి కేంద్రము 1938లో వెలసినది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము వచ్చువరకు తెలుగు కార్యక్రమములకు అదియే ఆధారము. 1941లో అచట చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు మైకు ముందు నిలిచిన గొంతునకు కచేరీ గొంతు అక్కరలేదని గ్రహించిరి. వేయిమందికి వినబడునట్లు ఎత్తి పాడుట వేరు. ఒక్కరి చెవిలో చెప్పినట్లు పాడుట వేరు. 1947 ఆగస్టులో టంగుటూరి సూర్యకుమారిగారు పాడిన రజనిగారి స్వాతంత్ర్యగీతము వెలువడినది ఆ చెన్నపురి కేంద్రమునుండియే. చెన్నపట్టణపు తెలుగువారు దీనిని తమ ఊరి చరిత్రగా చెప్పుకొనవలసియుండగా మరచినట్లు కనబడుచున్నది. మైకును నమ్మి క్రొత్త గానము చేయుటలో రజనిగారికిని, ఎల్విసునకును దూరము మనమనుకొన్నంత లేదు.

తరువాతి కథను త్వరగా ముగింతము. 1981లో ఎం.టి.వి. వచ్చి పాటను చూడవలసిన వస్తువు చేసినది. 1992 జనవరిలో నిర్వాణా బృందపు 'నెవర్‌మైండ్' మైకేల్ జాక్సన్ రికార్డును దింపి అమెరికా జాబితాలో మొదటి స్థానమెక్కినది. రాక్ జనసామాన్యమును అంత ఊపివేసిన సందర్భము మరల రాలేదని మా యభిప్రాయము. 1996లో అమెరికా శాసనము మారి, ఒక యజమానికి ఇన్నియే కేంద్రములు అను హద్దు దేశమంతటికి తొలగిపోయినది. క్లియర్ చానల్ అను ఒక్క సంస్థ చేతిలోనికి సుమారు 1,200 కేంద్రములు వచ్చినవి. ఊరికొక ప్రయోక్త, ప్రయోక్తకొక రుచి యనుమాట పోయినది. పిమ్మట ఇంటర్నెట్టు, స్ట్రీమింగు. 2017లో నీల్సన్ సంస్థ లెక్కల ప్రకారము అమెరికాలో హిప్-హాప్, ఆర్ అండ్ బి కలిసి మొదటిమారు రాక్‌ను మించినవి.

ఇక రాక్ చచ్చినదా? మరణవార్త వ్రాసినవారు చాలమంది. మేము వారితో ఏకీభవింపము. సింహాసనము పోయిన రాజు చచ్చినవాడు కాడు. ఊరిలో కాపురముండు గృహస్థు అగును. రాజ్యము లేని భాషయు, రాజ్యము లేని కళయు ఎట్లు బ్రతుకునో మనకంటె ఎరిగినవారెవరు? ఐతే అదేచోట అదే పాత పాటను పాడుచు బ్రతుకుట ఒక తీరు, పరాయి ఊళ్లలో పరభాషలలో క్రొత్తగా పుట్టుట మరొక తీరు. రాక్ రెండవ దారిని పట్టినదని మాకు తోచుచున్నది.

నిదర్శనములు చూపెదము. సహారా ఎడారిలో టువారెగ్ జాతివారి 'తినారివెన్' బృందము 1979లో పుట్టినది. దేశముకాని దేశములలో శరణార్థులై తిరిగినవారు తమ తమాషెక్ భాషలో విద్యుత్ గిటారుపై పాడిరి. వారిని మోసిన రేడియో లేదు. క్యాసెట్టునుండి క్యాసెట్టునకు ప్రతులు తీసికొని చేతినుండి చేతికి పంపుకొనిరి. 2012లో వారి 'తాస్సిలి' గ్రామీ బహుమతి నందినది. మంగోలియాలో 'ది హూ' అను బృందమువారు గుర్రపుతల చెక్కిన తమ దేశపు ఫిడేలును, కంఠమూలమునుండి రెండు స్వరములు పుట్టించు తమ పూర్వుల గానమును రాక్ లయలో నిలిపిరి. ఢిల్లీనుండి 'బ్లడీవుడ్' బృందము డోలు చేతబట్టి 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవమునకు పోయినది. ఇవన్నియు ఒకే ఎత్తువి కావు. బ్లడీవుడ్‌వారి బలము కొంతవరకు సంబరపు బలము. తినారివెన్‌వారి దానిలో వయసు పైబడినవారు మాత్రమే పాడగల అలసట యున్నది. మాకు రెండవదే మెండు.

రాక్ ఆంగ్లమున తప్ప పొసగదను వాదము ఒకటి కలదు. 1970 ప్రాంతమున జపానులో ఇదే తగవు నడచినది. జపాను మాటలు ఆ లయపై కూర్చొనవని కొందరనగా, 'హ్యాపీ ఎండ్' బృందమువారు జపానుభాషలోనే పాడి 1971లో తమ రెండవ రికార్డుతో ఆ వాదము నోరు మూయించిరి. ఈ తగవు వినగానే మాకు వేరొక తగవు గుర్తుకు వచ్చినది. కర్ణాటక సంగీతమునకు తెలుగే తగినదనియు, తమిళపు పాటలు కచేరీ చివర తుక్కడాలుగా పనికివచ్చుననియు చెప్పుచున్న కాలమున 'తమిళ ఇశై' ఉద్యమము లేచినది. 1943లో చెన్నపట్టణమున తమిళ ఇశై సంఘము ఏర్పడినది. అప్పుడు మనవారిలో పలువురికి అది తెలుగుపై కత్తిగా తోచినది. త్యాగరాజు కీర్తనల మహిమ ఆ ఉద్యమముతో తరగలేదు; తమిళులు తమ నోటితో తమ మాట పాడుకొనగోరిరి, అంతియే. నేడు మన పిల్లవాడు ఆంగ్లము తప్ప గిటారునకు వేరుభాష పొసగదనుచున్నప్పుడు, ఆనాడు మనము నిలిచిన పక్కననే నిలిచియున్నాడని మేము నవ్వుకొనుచున్నాము. సంగీతమునకు భాష లేదనుమాట సామాన్యముగా తన భాష వేదికపై నున్నవారు చెప్పుమాట.

భాషాప్రశ్న యందు కొంత నిజము లేకపోలేదు. రాక్‌లో నాలుగు మాత్రల ఆవర్తమునకు రెండవ, నాలుగవ మాత్రలపై దెబ్బ గట్టిగా పడును. మన చెవి మొదటి దెబ్బను సమముగా వెదకును. హల్లుతో ముగియు ఆంగ్లపు చిన్నమాట ఆ దెబ్బతో సరిగా విరుగును. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు జారిపోవుచుండును. కాని మన భాషను ప్రాచ్యదేశపు ఇటాలియను అని పొగడించుకొని మురియుచుందుము గదా. ఆ ఇటాలియనులోనే పాడిన 'మానెస్కిన్' బృందము 2021లో యూరోవిజన్ పోటీ గెలిచినది. ఇక అచ్చుపై నేరము మోపుట ఎందుకు? పైగా మన ద్విత్వాక్షరములు డప్పు దెబ్బకు ఏమి తీసిపోయినవి! నాజర్ బుర్రకథ వినినవారికి ముగ్గురు మనుష్యులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు కలిసి పందిరినంతటిని ఊపగలవని తెలియును. అదియు ముగ్గురి బృందమే.

లోపము మాటలో లేదు, వస్తువులో నున్నది. తెలుగులో పాట యనగా సినిమా పాటయే యైనది. ఆవేశము వచ్చినను, వైరాగ్యము వచ్చినను కథానాయకుని ద్వారా రావలసినదే. హైదరాబాదులో 'చౌరస్తా' బృందము జానపదపు పలుకుబడిని రెగ్గే లయతో కలిపి పాడుట మంచి ఆరంభము. బెంగుళూరువారు ఇరుగుపొరుగునుండియు నేర్వవచ్చును. రఘు దీక్షిత్ తన బృందముతో పాడిన వానిలో పందొమ్మిదవ శతాబ్దపు శిశునాళ షరీఫు తత్త్వములున్నవి. కన్నడ పిల్లలు వానికి గంతులు వేయుచు, తెలియకుండగనే షరీఫును కంఠస్థము చేయుచున్నారు. మనకు వీరబ్రహ్మము తత్త్వములు లేవా? లోకమును మందలించు గొంతు, ఒంటి తీగ తంబురా, అడుగున విడువని లయ: రాక్‌కు ఇంతకంటె దగ్గరి చుట్టము మన వాఙ్మయమున మాకు కనబడుట లేదు. ప్రేమగీతములను గిటారుపై పాడుటవలన సినిమా పాటకు మరియొక ప్రతి మాత్రమే పుట్టును.

చిక్కు మరొకటి. బెంగుళూరున మేమెరిగిన ఒక యింటి కుర్రవాడు పాటలు కట్టును, అన్నియు ఆంగ్లమే. తెలుగున ఏల వ్రాయవని అడుగగా, "మాటాడుట వచ్చును తాతగారూ, వ్రాయుట రాదు" అనెను. తత్త్వములు ఎన్నడైన వింటివా యనగా, నాయనమ్మ కూనిరాగము తీయుచుండగా వింటినని చెప్పి, రెండు చరణములు తప్పులతో పాడెను. తప్పులు మాటలలోనే, లయ తప్పలేదు. ఆ నాయనమ్మ నేటికిని ఉన్నారు. ఆమె నోటినుండి ఆ తత్త్వములను ఆంగ్లలిపిలోనైనను ఎక్కించుకొనుమని వానికి చెప్పివచ్చితిమి. మన సంఘపు ఉగాది సభలో పద్యపఠనమునకు, లలితగీతములకు పోటీలున్నవి. వాని నడుమ ఇట్టివారికి అరగంట ఇచ్చినచో వినుటకు మేము ముందు వరుసలో కూర్చొనెదము. మైకు, స్పీకరుల ఏర్పాటు చూచు మిత్రులు ఆ అరగంటకు కొంచెము ఓర్పు వహింపవలసియుండును.