దిగాను, దింపాను: ఫ్రెంచి భూతకాలానికి తెలుగు దారి

ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళకు మొదటి నెలలు హాయిగానే గడుస్తాయి. పేరు చెప్పడం, కాఫీ అడగడం, ఊరి గురించి నాలుగు ముక్కలు మాట్లాడటం త్వరగానే వస్తాయి. నిన్న ఏం చేశావని అడిగితే మాత్రం నోరు పెగలదు. మన దగ్గర ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచిని రెండో భాషగా తీసుకునే పిల్లలున్నారు. వాళ్ళకు ఈ పాఠం ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే అందుతుంది. ఇంగ్లీషు పాటించని తేడాలను ఇంగ్లీషులో వివరించబోతే మినహాయింపుల జాబితాలే మిగులుతాయి. ఆ తేడాల్లో చాలావాటిని తెలుగువాళ్ళం పుట్టిన దగ్గర్నుంచీ పాటిస్తున్నాం. అందుకే ఈ పాఠాన్ని తెలుగులోంచే చెప్పాలని నా గట్టి నమ్మకం.

ఇవాళ్టి మాటల్లో జరిగిపోయిన పనిని చెప్పే ప్రధాన రూపం పాసే కొంపోజే. ఇందులో రెండు ముక్కలుంటాయి. ముందు ‘అవ్వార్’ (కలిగి ఉండు) లేదా ‘ఎత్ర్’ (ఉండు) అనే సహాయక క్రియ వర్తమాన రూపంలో వస్తుంది. దాని వెనక అసలు క్రియ కృదంతంగా మారి వస్తుంది. మాట్లాడటానికి ‘పార్లే’ అంటే దాని కృదంతం కూడా చెవికి ‘పార్లే’నే, తేడా రాతలోనే. ‘ఫినీర్’ ‘ఫినీ’ అవుతుంది, ‘వాఁద్ర్’ ‘వాఁద్యూ’ అవుతుంది. ఈ దారిలో నడవనివి రోజూ అవసరమయ్యే చెయ్యి, చూడు, తీసుకో, పెట్టు వంటి క్రియలే. వాటికి సూత్రం వెతుక్కునే బదులు నోటికి వచ్చేదాకా వల్లె వేయడమే మేలు.

ఉచ్చారణలో ఒక చిక్కుంది, దాన్ని మొదటి రోజే సరిదిద్దుకోవాలి. ‘జె పార్లే’ అంటే మాట్లాడాను. ‘జ్ పార్లే’ అంటే మాట్లాడుతుండేవాణ్ణి. ‘జె’కీ ‘జ్’కీ మధ్య ఉన్న ఆ చిన్న అచ్చు మీదే కాలం ఆధారపడి ఉంది. దాన్ని మింగేస్తే ఎదుటివాళ్ళకు వేరే కథ వినిపిస్తుంది.

ఇక అవ్వార్ ఎప్పుడు, ఎత్ర్ ఎప్పుడు? చాలా క్రియలకు అవ్వారే. వెళ్ళు, రా, చేరు, బయల్దేరు, ఎక్కు, దిగు, పడు, ఉండిపో, పుట్టు, చనిపో వంటి పదిహేను పదహారు క్రియలకు మాత్రం ఎత్ర్. వీటిని గుర్తుపెట్టుకోవడానికి తరగతిలో ఒక ఇంటి బొమ్మ గీస్తారు. గుమ్మంలో ఒకరు లోపలికి వస్తుంటారు, మెట్ల మీద ఒకరు ఎక్కుతుంటారు, పైగదిలో బిడ్డ పుడుతుంది. బొమ్మ మంచిదే. కానీ అది ఎందుకో చెప్పదు, ఏవో మాత్రమే చెబుతుంది.

ఎందుకో తెలుగు చెబుతుంది. ఫ్రెంచిలో ‘దెసాఁద్ర్’ అనే ఒకే క్రియ ఉంది. ‘జ్ స్వీ దెసాఁద్యూ’ అంటే దిగాను. ‘జె దెసాఁద్యూ లా వలీజ్’ అంటే పెట్టె దింపాను. మనం దిగు, దింపు అని క్రియనే మారుస్తాం, వాళ్ళు సహాయక క్రియను మారుస్తారు. ఎక్కాను, ఎక్కించాను కూడా ఇదే తీరు. ఇలాంటి క్రియల్లో పని చేసినవాడితోనే ఆగితే ఎత్ర్, మరో వస్తువు మీదికి సాగితే అవ్వార్. ఒక్కచోట మాత్రం మన లెక్క తప్పుతుంది. మెట్లు దిగాను అన్నప్పుడు ఫ్రెంచి మెట్లను కర్మగా చూస్తుంది కాబట్టి అక్కడ అవ్వారే రావాలి.

మన ‘కొను’ కూడా ఇక్కడ పనికొస్తుంది. కారు కడిగాను అంటే అవ్వార్. కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను అంటే ఎత్ర్. పని తిరిగి చేసినవాడి మీదికే వస్తే ఫ్రెంచి క్రియకు ముందు ‘స’ చేరుతుంది, అలాంటి క్రియలన్నిటికీ ఎత్రే. అలాగని ‘కొను’ కనిపించిన ప్రతిచోటా ఇది కుదరదు. నేర్చుకున్నాను అనడానికి వాళ్ళు అవ్వారే వాడతారు.

వెళ్ళు, రా వంటి క్రియలకు ఎత్ర్ వచ్చినప్పుడు కృదంతం కర్త లింగవచనాలను అనుసరిస్తుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనే మనకు ఇది వింత కాదు. అవ్వార్‌తోనే అసలు తంటా. కర్మ ముందుగా వస్తే కృదంతం ఆ కర్మను అనుసరించాలి, వెనక వస్తే అక్కర్లేదు. తీశాను అనే ‘ప్రీ’, ‘నేను తీసిన ఫొటో’ అన్నప్పుడు ‘ప్రీజ్’ అవుతుంది. దీనికి మూలం లాటిన్‌లో ఉంది. రాసిన ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి అన్న తరహా వాక్యమే కాలక్రమంలో ఉత్తరాలు రాశాను అనే అర్థానికి మారింది. విశేషణంగా ఉన్నప్పటి అలవాటు కృదంతాన్ని పూర్తిగా వదల్లేదు. 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మారో ఈ నియమాన్ని ఇటలీ భాషను చూపించి సమర్థించాడు. 2018లో ఇద్దరు బెల్జియం ఉపాధ్యాయులు, అవ్వార్‌తో వచ్చే కృదంతాన్ని ఇక మార్చకుండా వదిలేద్దామని ప్రతిపాదించి పెద్ద చర్చ లేపారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీని దగ్గరే ఆగిపోనక్కర్లేదు. చెవికి తేడా తెలిసే సందర్భాలు కొద్దిగానే ఉంటాయి.

అన్నిటికన్నా విలువైన పాఠం భూతకాలపు రెండో రూపమైన ఎంపర్ఫే. దీన్ని తయారుచేయడం సులువు. వర్తమానంలో ‘నూ’ (మేము) రూపం తీసుకుని చివరి ‘ఓఁ’ తీసేసి ఎంపర్ఫే ప్రత్యయాలు చేర్చాలి. ‘నూ’ రూపం ఉన్న క్రియలన్నిటిలో దీనికి లొంగనిది ఎత్ర్ ఒక్కటే. ఎక్కడ వాడాలన్నదే అందరినీ తికమక పెట్టే ప్రశ్న. ఎక్కువసేపు సాగిన పనికి ఎంపర్ఫే అని కొందరు చెబుతారు. అది తప్పుదారి పట్టిస్తుంది. ‘ఆ ఊళ్ళో పదేళ్ళు ఉన్నాను’ అంటే పదేళ్ళైనా పాసే కొంపోజేనే, ఎందుకంటే ఆ కాలానికి హద్దు గీసేశాం. ‘ఆ రోజుల్లో ఆ ఊళ్ళో ఉండేవాణ్ణి’ అంటే ఎంపర్ఫే. ఉన్నాను, ఉండేవాణ్ణి అన్న తేడా తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ‘నేను బయటికి వచ్చేసరికి వాన పడుతోంది’ అనే వాక్యంలో వచ్చిన పనికి పాసే కొంపోజే, పడుతున్న వానకు ఎంపర్ఫే.

‘సవ్వార్’ అనే క్రియ ఈ తేడాను ఇంకా అందంగా చూపిస్తుంది. ‘జ్ సవే’ అంటే అప్పటికే నాకు తెలుసు. ‘జె స్యూ’ అంటే అప్పుడు నాకు తెలిసింది. ఇంగ్లీషు ఇక్కడ రెండు వేర్వేరు మాటలు వెతుక్కోవాలి. తెలుసు, తెలిసింది అనే మనం వెతకాల్సిన పనే లేదు.

పుస్తకం తెరిస్తే మూడో రూపం పాసే సాంప్ల్ ఎదురవుతుంది. ఇవాళ జరిగినదానికి పాసే కొంపోజే, అంతకు ముందుదానికి పాసే సాంప్ల్ అని 1660 నాటి పోర్ రోయాల్ వ్యాకరణం విడదీసింది. తర్వాత మాటల్లోంచి పాసే సాంప్ల్ జారిపోయి కథలకూ చరిత్రకూ పరిమితమైంది. అందుకే 1942లో ఆల్బేర్ కామ్యూ ‘లెత్రాంజే’ నవలను ఎక్కువ భాగం పాసే కొంపోజేలో నడిపించడం పాఠకులకు కొత్తగా తోచింది. వాక్యాలు దేనికది విడిగా నిలబడే ఆ తీరును మరుసటి ఏడాదే తత్వవేత్త సార్త్ర్ తన వ్యాసంలో పరిశీలించాడు. నేర్చుకునేవాళ్ళు పాసే సాంప్ల్‌లో మాట్లాడక్కర్లేదు, చూస్తే గుర్తుపడితే చాలు. ‘అతను’, ‘వాళ్ళు’ రూపాలు వస్తే కథలు చాలావరకు చదవొచ్చు. షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన కథల్లోని ఎర్రటోపీ పాపతో మొదలుపెట్టొచ్చు. తోడేలు ఆ పాపకు ఎదురయ్యే వాక్యంలో పాసే సాంప్ల్, తల్లి ఆ పాపను ఎంతగా ముద్దుచేసేదో చెప్పే వాక్యంలో ఎంపర్ఫే ఉంటాయి.