అంటీ ముట్టనట్టు

పోయిన నెల మస్కట్‌లో మన సాహిత్య గోష్ఠిలో బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ మీద చర్చ జరిగింది. దయానిధిని గురించి ఒక మిత్రులు, "వట్టి నిర్లిప్తుడండీ, ఏదీ అంటని మనిషి" అన్నారు. చాలామంది తలలూపారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. దయానిధి కూడా డాక్టరే కావడం అందుకు కొంత కారణం కావచ్చు.

‘లిప్తం’ అంటే పూయబడినది. ‘నిర్లిప్తం’ ఏ పూతా అంటనిది. భగవద్గీత ఐదో అధ్యాయంలో తామరాకు, నీళ్ళ పోలిక ఈ ధాతువుతోనే వస్తుంది. అది యోగికి చెల్లే మాట. మనమేమో నలుగురితో కలవని ప్రతివాడికీ తగిలిస్తున్నాం.

పోనీ, ఇంగ్లీషువారిలా ‘కోల్డ్’ అందామా? ఇక్కడి అరబ్బీలోనూ అలాంటివాణ్ణి ‘బారిద్’, అంటే చల్లనివాడు, అంటారు. ఎండలు వాళ్ళకూ ఉన్నాయి, మనకూ ఉన్నాయి. కాని మనకు చల్లని మనసంటే దయగల మనసు, చల్లని తల్లి అంటే కాపాడే తల్లి. ఆ పోలిక తెలుగులో అతకదు.

మనకున్న మాట ‘అంటీ ముట్టనట్టు’. ‘చూసీ చూడనట్టు’ అంటే చూశాడనే అర్థం. ‘వినీ విననట్టు’ అంటే విన్నాడనే. అలాగే ఇక్కడా ముందు అంటింది. ఆ తరువాతే ముట్టనట్టు మసలడం. నిర్లిప్తుడికి అసలు అంటనే లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

దయానిధి తల్లిమీద లోకం వేసిన నింద నీడలో పెరిగినవాడు. కోమలి దగ్గరగాని, అమృతం దగ్గరగాని, కట్టుకున్న ఇందిర దగ్గరగాని మనసు పూర్తిగా విప్పలేడు. అంటకపోవడం వల్ల కాదు, మరీ లోతుగా అంటడం వల్ల.

మా వృత్తిలో దీనికి శిక్షణే ఉంది. 1889లో విలియం ఆస్లర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పట్టాలు పుచ్చుకునేవారితో, వైద్యుడికి చలించకపోవడం ముఖ్యమన్నాడు. 1963లో హెరాల్డ్ లీఫ్, రెనే ఫాక్స్ కలిసి, వైద్య విద్యార్థులు రోగికి ఎడంగా ఉంటూనే అతని బాగోగులు పట్టించుకోవడం ఎలా నేర్చుకుంటారో రాశారు. చేయి వణకకూడదు గనుక అది అవసరమే. చిక్కల్లా ఇంటికి వచ్చాకే. ఒక రాత్రి వార్డులో ఒక పసిబిడ్డ పోయింది. ఇంటికి వచ్చి మాటా పలుకూ లేకుండా అన్నం తిన్నాను. "మీకు ఏదీ అంటదు" అంది మా ఆవిడ. అంటిందని చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అలాగని మాట మార్చినంత మాత్రాన దయానిధి తప్పు మాఫీ కాదు. భర్త మనసులో ఏముందో తెలియని ఇందిరకు, అతనికి అంటినా అంటకపోయినా దక్కింది ఒంటరితనమే. అయినా చదివేవారికి ఈ తేడా అవసరం. నిర్లిప్తుడన్నామంటే పుస్తకం మూసేసినట్టే. అంటీ ముట్టనట్టున్నాడంటే ‘ఏమంటింది?’ అని అడగబుద్ధేస్తుంది. ఆ నవలను నడిపేది ఆ ప్రశ్నే.

ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి "అమ్మకిస్తున్నా" అనే నాన్నగారు మనలో చాలామందికి ఉన్నారు. సెలవుకు ఊరెళ్ళినప్పుడు వారి దగ్గర కూర్చుని ఆ ప్రశ్న అడిగి చూడండి. పిల్లలు మనల్ని అడిగే రోజూ వస్తుంది.